తపసు మాను మీద పని గొంతు

ఈమధ్య ఒక కొత్త లైన్‌మన్ మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. పెళ్లయింది, చంటిబిడ్డ ఉంది, సాయంత్రాలు క్రికెట్ ఆడే పిచ్చి ఉంది. మూడూ ఒకచోట పొసగడం లేదట. "నువ్వు డ్యూటీ చేసినావు, బిడ్డను పెంచినావు, నాటకాలు గూడా ఆడినావంట గదన్నా. అన్నీ ఎట్ల బ్యాలెన్స్ చేసినావు?" అని అడిగాడు.

నాకు ఆవలింత వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద మూడు ఫేజులకూ లోడు సమానంగా పంచమంటే కళ్లు మూసుకుని పంచుతాను. ఇంట్లో ఆ పని నాకు ఒక్క రోజు కూడా చేతకాలేదు. ఆ అబ్బాయికి టీ ఇచ్చి, వాతావరణం గురించి మాట్లాడి పంపించేశాను. చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. అతనిలాంటి వాళ్లు చదువుతారని ఆశ. చదివి బాగుపడతారన్న భ్రమ మాత్రం లేదు.

నేను పూతలపట్టు వైపు లైన్‌మన్‌గా పని చేసే రోజులవి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా చేతుల్లోకి వచ్చాయి. వచ్చిన రోజు సంబరపడ్డాం. కొద్దిరోజులకే తెలిసింది, మా మెడకు పలుపుతాడు వేశారని. అన్నం ముందు కూర్చుంటే మోగేది, ఒంటికి సబ్బు పూసుకుంటే మోగేది. ఫ్యూజు పోయిందని, మోటారు తిరగడం లేదని, పక్కింట్లో కరెంటు ఉండాది మా ఇంట్లో యాడ పోయిందని. ఈ చివరిదానికి జవాబు చెప్పడం అన్నిటికంటే కష్టం.

నా భార్య చిత్తూరులో ఆసుపత్రి నర్సు. ఆమెవి షిఫ్టులు. నాది మొదలూ చివరా లేని డ్యూటీ. మాకు ఒక్కతే కూతురు, అప్పటికి చిన్న బడిలో చదువుతోంది. నా భార్య బస్సు దిగే వేళకు నేను పాపను తీసుకుని క్రాస్ రోడ్డు దగ్గర నిలబడేవాణ్ణి. పాప చెయ్యి నా చేతిలోంచి ఆమె చేతిలోకి మారేది, నేను మోపెడ్ ఎక్కి పోయేవాణ్ణి. కొన్ని రోజులు ఇదే తిరగబడేది. ఆమె బస్సెక్కేది, పాప నాతో వచ్చేది. "మనం మొగుడూ పెండ్లామా, డ్యూటీ మార్చుకునే స్టాఫా?" అని ఆమె ఒకసారి బస్సు మెట్టు మీద నిలబడే అడిగింది. కండక్టరు నవ్వాడు. మా ఇద్దరికీ నవ్వేంత ఓపిక లేదు.

ఎవరి దగ్గరా వదిలే వీలు లేని రోజు పాప నాతో పాటు సబ్‌స్టేషన్‌కు వచ్చేది. అక్కడ ముట్టుకోకూడనివి తప్ప ఇంకేమీ ఉండవు. అందుకని ఆ పిల్లకు ఆటలకు బదులు జాగ్రత్తలు నేర్పాను. తెగిన తీగ కనబడితే కాళ్లు దగ్గరపెట్టి ఉన్నచోటే ఆగాలి. వెనక వచ్చేవాళ్లను ఆపాలి. కరెంటు తీసేశామని ఎవరు చెప్పినా నమ్మకూడదు. మా పనిలో లైను ఎవరు ఆపించారో వాళ్లే వచ్చి 'క్లియర్' అనాలి. పైఆఫీసరు చెప్పినా చెల్లదు. ఈ ఒక్క నియమం తప్పి పోయినవాళ్లను నేను చూశాను, వాళ్లను కిందికి దించిన చేతుల్లో నావీ ఉన్నాయి. పాప దీన్నంతా ఎక్కాల్లా అప్పజెప్పేది. చివర్లో తనే ఒక ముక్క కలిపింది. "నాయన దగ్గరికొచ్చి చెప్తేనే."

ఇక నా సొంతానికంటూ ఉన్నది వీధినాటకం ఒక్కటే.

మా వైపు ఎండాకాలంలో కొన్ని గుళ్ల దగ్గర రోజుల తరబడి తిరునాళ్లు జరుగుతాయి. పగలు హరికథ, పొద్దుపోయాక నాటకం. అన్నిట్లోకీ జనం విరగబడేది తపసు మాను రోజు. ఊరి బయట ఎత్తైన తాటిమాను పాతి, మెట్లకు చెక్కలు కొట్టి, కొనన ఒక మనిషి కూర్చునేంత పీట కడతారు. వేషం కట్టినవాడు శివుణ్ణి తలుచుకుంటూ మెట్టుకో పదం పాడుతూ పైకెక్కుతాడు. కొనకు చేరి విబూది పొట్లాలు, నిమ్మపండ్లు కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తలకు పోసుకుని తడిచీరలతో వచ్చి మాను చుట్టూ సాగిలపడతారు. పండు మీద పడితే కడుపు పండుతుందని నమ్మకం. ఆ వేషాన్ని మేము తపసి అంటాం. ఐరాల దగ్గర ఒక ఊళ్లో ఆ తపసిని నేను.

నాటకం నేర్పే గురువును మా వైపు వాద్యారు అంటారు. మా వాద్యారు క్రాస్ రోడ్డులో టైలరు. మిషను తొక్కుతూనే పదం చెప్పేవాడు. ఆయన కాలు జోరందుకుంటే నా తాళం కూడా జోరందుకోవాలి, దారం తెగితే ఇద్దరం ఆగాలి. పాప ఆయన కాళ్ల దగ్గర గుడ్డపీలికల్లో కూర్చుని బొమ్మలకు రవికలు చుట్టేది. "నీ గొంతులో కరెంటోని కేక ఉండాదప్పా. దాన్ని దించు. నువ్వు పిలిచేది సామిని, సబ్‌స్టేషన్‌ని కాదు" అని ఆయన నన్ను తిట్టేవాడు. పాప అది పట్టుకుంది. అప్పటి నుంచి నావి రెండు గొంతులు, పని గొంతూ పాట గొంతూ. అన్నం తినమని నేను గదిమితే "పని గొంతు వద్దు నాయనా" అనేది.

నాకు ఆ వేషమంటే ఎందుకంత పిచ్చి అని మీరు అడగొచ్చు. స్తంభం ఎక్కినవాడి చూపు తన చేతుల మీదే ఉండాలి. పక్కకు చూస్తే ప్రాణం మీదికొస్తుంది. మాను ఎక్కితే తలెత్తి చూడొచ్చు, మామిడితోటలూ వాటి వెనక గుట్టలూ కంటినిండా కనబడతాయి. ఇంకోటి కూడా ఉంది. ఏడాది పొడుగునా జనం నా కోసం చూసేది ఇంట్లో చీకటైనప్పుడు, తిట్టడానికి. ఆ ఒక్క రోజు చేతులెత్తి చూసేవాళ్లు. నాకు అది కావాల్సి వచ్చింది. దాంట్లో సిగ్గుపడేదేమీ కనబడదు.

చిక్కేమిటంటే మామిడికాయ దిగే కాలమూ, గాలి కాలమూ, తిరునాళ్ల కాలమూ మాకు ఒకటే. లైన్లు తెగేది కూడా అప్పుడే. మా పైఆఫీసరు ఏఈ, నేను సెలవడిగిన ప్రతిసారీ ఆ మాట మొదటిసారి విన్నట్టు ముఖం పెట్టేవాడు.

"గాలొస్తే పిలుస్తా. రావల్ల" అన్నాడు ఆ ఏడు.

"చేతికి కాపు కడతారు సార్. ఆ పసుపుతాడు కట్టినాంక తిరునాళ్ల అయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదు."

"కరెంటుకు పొలిమేర ఉండదప్పా."

"సామికి ఉండాది సార్."

ఆయన తల పట్టుకుని సంతకం పెట్టాడు. మంచివాడే పాపం. ఆయన ఇంట్లోనూ చిన్నపిల్లలు, ఆయన ఫోనూ మోగుతూనే ఉండేది. నాకిచ్చే సెలవు ఇంకొక లైన్‌మన్ నెత్తిన పడుతుందని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

బడికి సెలవులు కాబట్టి పాపను నాతోనే ఆ ఊరికి తీసుకెళ్లాను. తపసు మాను రోజు నా భార్య డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వస్తానంది. "నువ్వు మాను పైకి పోతే పాపనెవురు చూస్తారు?" అని ఫోన్లో అడిగింది.

"వాద్యారు పక్కన కూర్చోబెడతా."

"ఆయప్ప హార్మోనియం చూస్తాడా, పాపను చూస్తాడా?"

ఫోను వాద్యారు పెట్టెలో పడేసి ముఖానికి రంగు పూసుకున్నాను.

మధ్యాహ్నం ఎండలోనే ఎక్కడం మొదలైంది. కింద వాద్యారు హార్మోనియం, మైకు ముందు వంతపాట వాళ్లు. నేను పాడిన మాట కొసను వాళ్లు అందుకుని సాగదీస్తారు, పిలిచేది శివుణ్ణే అయినా అది విని మా వైపు జనం గోవిందా అనే అంటారు. ఇది మారని క్రమం. సగం పైకి ఎక్కినప్పుడు పడమటి నుంచి గాలి లేచింది. వాన లేదు, ఒట్టి దుమ్ము. మాను ఊగింది. ఒక చేత్తో కిరీటం, ఒక చేత్తో చెక్క పట్టుకున్నాను. సామి వచ్చినాడని జనం ఇంకా గట్టిగా గోవిందా అన్నారు. నేను కొనకు చేరి పీట మీద కూర్చునేసరికి గాలి తగ్గింది. కళ్లు తుడుచుకుని తలెత్తి చూశాను.

మామిడితోట అంచున ఒక పెద్ద కొమ్మ విరిగి లెవెన్ కేవీ లైను మీద పడింది. తీగ ఒకటి తెగి, పంట తీసేసిన చేలో కాలిబాటకు అడ్డంగా పడి ఉంది. ఎండిన నేల మీద పడిన తీగకు ఒక్కోసారి సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపే బ్రేకరు పడదు. తీగలో కరెంటు అలాగే ఉంటుంది. పామైనా కదిలి మనిషిని బెదరగొడుతుంది, ఇది కదలదు. ఆ బాట కొసన మోటారు బావి. అక్కడ తలకు పోసుకున్న ఆడవాళ్లు తడిచీరలతో వరుసగా మాను వైపు వస్తున్నారు. దాహమై నీళ్లకు పోయిందేమో, అందరికంటే ముందు మా పాప నడిచి వస్తోంది.



"తీగ తెగింది! ఆగండి! ఆగండి!" అని అరిచాను.

వంతపాట వాళ్లు అందుకున్నారు. "తీగ తెగిందీ... ఆగండీ..." అని మైకులో రాగం తీశారు. హార్మోనియం కలిసింది. జనం చేతులెత్తి "గోవిందా! గోవింద!" అన్నారు.

"పాట కాదప్పా! కరెంటు!"

"కరెంటూ..." అని వాళ్లు. "గోవిందా!" అని జనం.

చదువుతుంటే మీకు నవ్వొస్తుందని తెలుసు. మా ఆఫీసులో కూడా ఏళ్ల తరబడి నవ్వారు. లైను పోయినప్పుడల్లా ఎవడో ఒకడు ఫోన్ చేసి "అన్నా, కరెంటూ గోవిందా" అనేవాడు. పీట మీద కూర్చున్నప్పుడు మాత్రం నాకు ఒళ్లంతా చెమట. తపసి మాను మీద ఏ మాటన్నా అది పదమే. తుమ్మినా వాళ్లు రాగం తీసేవాళ్లే. దిగడానికి సమయం లేదు, దూకితే నేను పోతాను తప్ప పాప ఆగదు.

అప్పుడు వాద్యారు ఇన్నాళ్లూ దించమన్న కేకను పైకి తెచ్చాను. స్తంభం మీది మనిషిని కింద నుంచి హెచ్చరించేటప్పుడు మేము పెట్టే కేక అది. ఒకటే మాట. "లైన్!" దాంట్లో సామీ లేడు, పాటా లేదు.

పాప ఆగింది.

రెండు కాళ్లూ దగ్గరపెట్టింది. రెండు చేతులూ చాచి బాటకు అడ్డంగా నిలబడింది. వెనక వచ్చే ఆడవాళ్లు పండ్లు విసిరే వేళ దాటిపోతుందని తోసుకుని రాబోయారు. అప్పుడు పాప ఏమన్నదో తర్వాత వాళ్లే నాకు చెప్పారు. "పోవద్దండి. మా నాయన పని గొంతుతో అరస్తాండాడు" అన్నదట.

హార్మోనియం ఆగింది. నాటకం మొత్తం కంఠస్థమైన మనిషి వాద్యారు. తలెత్తి నన్ను చూసి మైకులోనే "అది నేను నేర్పిన పదం కాదే!" అన్నాడు.

"నా ఫోను తీయి వాద్యారూ! సబ్‌స్టేషన్‌కు చెయ్యి! ఫీడరు ఆపమను!"

సబ్‌స్టేషన్ ఆపరేటరు నా నంబరు చూసి "ఏమి తపసీ, దిగినావా?" అన్నాడట. ఇవతల ఉన్నది నేను కాదని తెలిసి, ఎవురప్పా నువ్వు, ఏ ఊరు అని విచారణ మొదలుపెట్టాడు. అతని తప్పేమీ లేదు, ఎవరో ఫోన్ చేసి ఆపమంటే ఆపేది కాదు, ఇన్ని ఊళ్లకు కరెంటు పంపే ఫీడరు. "ముందు ఆపు నాయనా, ఆడోళ్లుండారు, తపసి బిడ్డ ఉండాది" అని వాద్యారు ఏడుపు గొంతుతో అరిచాడు. మరుక్షణం మైకు మూగబోయింది. ఫీడరు ఆగిందని నాకు అలా తెలిసింది.

దిగబోయాను. కింద పెద్దలు చేతులు అడ్డంగా ఊపారు. "దిగొద్దు సామీ! తపసు నడమ దిగితే ఊరికి మంచిది కాదు." ఈలోగా తడిచీరల ఆడవాళ్లు వేరే గట్టు మీదుగా చుట్టు తిరిగి వచ్చి మాను చుట్టూ సాగిలపడ్డారు. వాళ్లు ఎన్ని ఆసుపత్రులు తిరిగి, ఎవరెవరి చేత ఎన్ని మాటలు పడి అక్కడికి వచ్చి ఉంటారో నర్సు మొగుణ్ణి కాబట్టి నాకు కొంత తెలుసు. వాళ్లను చూశాక దిగలేకపోయాను. మిగిలిన పదాలు పాడాను. పండ్లు విసిరాను.

పాడినంతసేపూ పాప ఆ చేలో చేతులు చాచి నిలబడే ఉంది. ఒక పెద్దాయన వెళ్లి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. ఒకామె గొడుగు తీసుకెళ్లింది, నీడకు కూడా జరగలేదు. "కరెంటు తీసేసినారు, రా పాపా" అని చివరికి నేనే పైనుంచి అరిచాను. మైకు పోయినా వంతపాట వాళ్లు అలవాటు కొద్దీ "రా పాపా..." అన్నారు. పాప అడ్డంగా తలూపింది. నాయన దగ్గరికొచ్చి చెప్పాలి. నేను నేర్పిందే.

దిగి, రంగుతో, కిరీటంతో చేలో పరుగెత్తాను. నా భార్య నాకంటే ముందే చేరింది, బస్సు దిగి ఆ వైపు నుంచే వచ్చిందట. పాప వాళ్లమ్మను కూడా దగ్గరికి రానివ్వలేదు. ముఖం ఎండకు కమిలిపోయి, పెదాలు పిడచకట్టి ఉన్నాయి. చాచిన చేతులు మాత్రం దించలేదు. నేను ఎదురుగా నిలబడి "క్లియర్" అన్నాను. చేతులు దించింది. అప్పుడు ఏడ్చింది.

నా భార్య పాపను ఎత్తుకుని నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నువ్వు పాడతానే ఉండావు" అంది. అది నింద వేయడమో, పొద్దుట్నుంచీ వార్డులో నిలబడి వచ్చిన మనిషి ఓపిక లేని మాటో నాకు ఈనాటికీ తెలియదు. నేను అడగలేదు, ఆమె మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రానికి ఏఈ మనుషులను తీసుకొచ్చి లైను కట్టించాడు. నా చేతికున్న కాపు చూసి "పొలిమేర దాటకనే డ్యూటీ చేసినావే" అన్నాడు. మెచ్చుకోలే అది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మరుసటి ఏడు వాద్యారు వేషానికి పిలిచే తాంబూలం పట్టుకుని ఇంటికి వచ్చాడు. నేను చెయ్యి చాపలేదు.

"పాప ఉండాది వాద్యారూ. ఇంక చాలు."

"పాప వద్దనిందా?"

"లేదు."

"ఆయమ్మ వద్దనిందా?"

"లేదు."

"మరెవురబ్బా వద్దనింది?"

ఆయన తాంబూలం సంచిలో పెట్టుకుని, పాప తల నిమిరి వెళ్లిపోయాడు. ఇంకో కుర్రాడికి వేషం నేర్పాడు. ఆ కుర్రాడు బాగానే పాడాడని విన్నాను, చూడటానికి పోలేదు.

మోస్తున్న మూడింట్లో ఒకటి దించేస్తే మిగిలిన రెండూ తేలికవుతాయని నా లెక్క. అలా జరగలేదు. ఎండాకాలం నాకు తీరికేనని తెలిశాక ఏఈకి అందరికంటే ముందు నేనే గుర్తొచ్చేవాణ్ణి. ఆయన తర్వాత వచ్చినాయనకూ అంతే. పాటకు పోయే సాయంత్రాలు పాపకు మిగులుతాయనుకుంటే అవి ఫోను పాలయ్యాయి. టైలరు అంగడికి పోయేటప్పుడు మోపెడ్ మీద నా ముందు నిలబడి పాప బడి కబుర్లన్నీ చెప్పేది. అంగడికి పోవడం మానేశాక ఆ కబుర్లు కూడా ఆగిపోయాయి. మేమిద్దరం నింపాదిగా కలిసి గడిపింది ఆ పాట పేరు మీదేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. శాలువా కప్పారు. ఇంటికి వచ్చి పడుకుంటే లేవబుద్ధి కాలేదు.

నా కూతురు ఇప్పుడు తిరుపతిలో ఒక ల్యాబులో పని చేస్తోంది. చదువుకునే రోజుల్లో తనంతట తనే మృదంగం నేర్చుకుంది. హరికథలకు వాయించేది. ఆడపిల్ల చేతిలో మృదంగమేమిటని జనం వింతగా చూస్తే ఇంకా జోరుగా వాయించేది. నేను వెనక వరసలో కూర్చుని వినేవాణ్ణి. ఆ కాసేపు నాకు అలుపు తెలిసేది కాదు. తర్వాత పెళ్లయింది, మాకు మనవరాలు పుట్టింది.

మొన్న వెళ్లినప్పుడు చూస్తే మృదంగం గుడ్డ కప్పుకుని బీరువా మీద ఉంది. గుడ్డ మీద దుమ్ము.

"దించి వాయించొచ్చు గదమ్మా" అన్నాను.

"టైము యాడ నాయనా? ల్యాబు, పాప, ఇల్లు."

"అల్లుడు వద్దన్నాడా?"

"ఛ, ఆయప్ప వాయించమనే చెప్తాడు."

"మరెందుకు?"

బట్టలు మడతపెడుతూ, తల కూడా ఎత్తకుండా, ఏ కోపమూ లేకుండా చెప్పింది. "బిడ్డ పుట్టినాంక ఇట్లాంటివన్నీ మానేయల్ల గదా. నువ్వూ మానేసినావు గదా నాయనా."

దాని కోసం మానేశానని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. అది నన్ను చూసి మానేయడం నేర్చుకుంది.

లోపల మనవరాలు లేచి ఏడ్చింది. కూతురు బట్టలు వదిలేసి వెళ్లింది. నేను వంటింట్లోంచి స్టూలు తెచ్చి బీరువా ముందు వేశాను. ఉద్యోగమంతా స్తంభాలెక్కినవాణ్ణి, ఆ స్టూలు ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.